రెండు చేతుల కలపం

మోకాళ్ల నొప్పికి డాక్టరు రాసిచ్చిన గోలీలన్నీ కవరులో వేసి, ఇంకేమైనా కావాలా అని అడిగాడు మెడికల్ షాపు పిల్లగాడు. పైన రుద్దుకునేది ఒకటి కావాలి, గొట్టంలో వస్తుంది. ఆయింట్‌మెంట్ అంటే సరిపోయేది. మా ఊరి మాటలో మలాం అన్నా ఇచ్చేవాడు. నా నోటి నుంచి మాత్రం ఇంకో మాట జారింది.

"కలపం ఇయ్యి బిడ్డా" అన్నాను.

"కలపనా? గది గీడ దొరకదు అవ్వా. ఎనక గల్లీల కట్టె కోత మిషిన్ ఉంటది, గాడ అడుగు" అన్నాడు వాడు. ఎగతాళి చేయలేదు, పాపం. చెయ్యెత్తి దారి కూడా చూపించాడు.

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, మలాం తీసుకుని ఆటో ఎక్కాను. ఆటో పాత బస్టాండు దాటేసరికి నవ్వు పోయి చిరాకు పట్టుకుంది. ఆ మాట నేను చివరిసారి అన్నది మా ఇంట్లో ఆఖరి పెళ్లికి. ఆ తర్వాత అనే పని పడలేదు. ఇప్పుడు పెళ్లిళ్లకు హల్దీ అంటున్నారు. బకెట్లలో పసుపు నీళ్లు కలిపి ఒకరి మీద ఒకరు పోసుకుని, పాటలు పెట్టి ఎగురుతున్నారు. ఎగరనీ, నాకేం. కానీ ముక్కుకు ఒక్క వాసన తగలదు ఆ హడావిడిలో. మరి ఇన్నేళ్లూ లోపల ఎక్కడో పడుకున్న మాట, మందుల దుకాణం ముందు ఎందుకు లేచి వచ్చినట్టు?

ఇంటికి వచ్చి మనవరాలిని ఫోనులో చూడమన్నాను. అది వేళ్లతో టకటకా కొట్టి, "నానమ్మా, అన్నీ మొద్దులే వస్తున్నయి" అంది. నిజమే, లారీల మీద పేర్చిన మొద్దుల బొమ్మలు. మా పక్కింట్లో రిటైరైన తెలుగు సారు ఉన్నారు. ఆయన దగ్గరికి కుంటుకుంటూ పోయాను. ఆయన లావుపాటి నిఘంటువు తీసి చూసి, కలపం అంటే మైపూత అన్నారు. ఒంటికి రాసుకునే పరిమళం అట, పాత కావ్యాలలో రాణులు పూసుకునేవాళ్లట.

"రాణులు పూసుకునేది మా మగ్గాల గల్లీకి ఎట్ల వచ్చింది సారూ?" అన్నాను.

"గది చెప్పలేనమ్మా. కలుపుతరు గనుక కలపం అయి ఉంటది."

"అది నాకు తెలుసు. ఇద్దరు కలిస్తేనే కలపం. ఒక్క చేతితో నూరితే అది వట్టి గంధం. ఆ సంగతి రాయలేదా అందులో?"

ఆయన మళ్లీ చూశారు. కళ్లద్దాలు మార్చి చూశారు. "ఇద్దరు అన్నది ఏ పుస్తకంలో లేదమ్మా. నేనైతే ఎన్నడూ వినలే" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నా కళ్లతో చూసినది, నా చేతులతో జరిపించినది, పుస్తకంలో లేదంటే లేకుండా పోతుందా? ఇంటికి వచ్చి కూర్చున్నాను, కుదరలేదు. లేచాను, మోకాలు పట్టేసింది. సకినం తిన్నాక పళ్ల సందున ఇరుక్కున్న నువ్వుగింజ లాగా ఆ మాట నన్ను సతాయిస్తూనే ఉంది. ఈ సంగతి తెలిసిన మనిషి ఇప్పుడు భూమ్మీద ఒక్కతే మిగిలింది, భీవండిలో ఉన్న మా మేనత్త. ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. డెబ్బై దాటిన మనిషి ఈ వేళప్పుడు ఎక్కడికి పోతుంది? ఫోను చేతిలో పట్టుకుని, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉన్నాను.

మా పుట్టింటి మగ్గాల గల్లీలో ఇప్పుడు మొబైల్ షాపులున్నాయి, ఒక టిఫిన్ సెంటరు ఉంది. నా చిన్నప్పుడు పొద్దున కళ్లు తెరవకముందే గంజి వాసన ముక్కుకు తగిలేది. గల్లీ పొడుగునా కర్రలు నాటి, వాటి మీద పడుగు సాగదీసి, దారాలకు గంజి పట్టించి కుంచెతో దువ్వేవాళ్లు. అటు పోవాలన్నా ఇటు రావాలన్నా పడుగు కింద నుంచి వంగి పోవాలి. దారం ముట్టుకున్నామా, మూడు ఇళ్ల నుంచి ఒకేసారి తిట్లు వచ్చేవి. మేము పిల్లలం కావాలనే దాని కింద పాక్కుంటూ పోయి, నడుమ లేస్తున్నట్టు నటించి ముసలివాళ్ల గుండెలు జారేలా చేసేవాళ్లం.

ఆ గల్లీలో మాది, మా చిన్నతాతది పక్కపక్క ఇళ్లు. ఒకప్పుడు అది ఒకటే పెద్ద ఇల్లు. మా తాత, ఆయన తమ్ముడు ఏరుపడ్డప్పుడు ఇల్లు రెండు ముక్కలైంది. తలుపులు, గుంజలు, గిన్నెలు అన్నీ సమంగా పంచగా ఒక టేకు దూలం మిగిలిందట. పంచాయతీకి వచ్చిన పెద్దమనిషి, "మిగిలిన కలప సంగతి తర్వాత చూద్దం" అని లేచిపోయాడట. మా దగ్గర కట్టె అంటారు, మొద్దు అంటారు, దూలం అంటారు. కలప అనే మాట అడవి డిపో బోర్డు మీద తప్ప ఎక్కడా ఉండేది కాదు. ఆయన గొప్పకు అన్నాడు. ఆ తర్వాత ఎవరూ చూసింది లేదు. అడవి నుంచి బండి మీద తెచ్చింది నేను అని చిన్నతాత దూలాన్ని తన చూరు కింద పెట్టుకున్నాడు. నా మగని చెమట అది అని నాయినమ్మ అంది. నడుమ గోడ లేచింది, వాళ్ల గడప గల్లీ అవతలి మలుపుకు తిరిగింది, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి గల్లీ చుట్టి పోవాలి. మా తాత ఆ గోడను చూస్తూనే పోయాడు. కలప అనే మాట మాత్రం మా రెండు ఇళ్లలో తిట్టుగా మిగిలింది. వాళ్లను మేం కలప దొంగలు అనేవాళ్లం, వాళ్లు మమ్మల్ని కలప ఏడుపుగాళ్లు అనేవాళ్లు. దూలం మాత్రం ఎవరికీ పనికిరాకుండా కోళ్ల గంపల కింద పడి ఉండేది.

ఈ గొడవలో నలిగింది మా మేనత్త, మా బాపు చెల్లెలు. ఆమె పుట్టినప్పుడు నాయినమ్మకు బాలింత జ్వరం వచ్చి మంచం పట్టిందట. అప్పుడు నాయినమ్మ యారాలు, అంటే చిన్నతాత భార్య, తన కొడుకుతో పాటు ఈమెకు కూడా పాలిచ్చి బతికించింది. అత్త కన్నతల్లిని అవ్వ అని, ఆమెను చిన్నవ్వ అని పిలిచేది. అది విని నేనూ చిన్నవ్వ అనే పిలిచేదాన్ని. గోడ లేచాక మాబోటి చిన్నపిల్లలు రెండు ఇళ్లలో తిరిగినా పెద్దవాళ్లు చూసీ చూడనట్టు ఉండేవాళ్లు. అత్త మాత్రం పోకూడదు. ఆ గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానని నాయినమ్మ చెప్పి పెట్టింది.

అయినా ఆ ఇద్దరూ మాట్లాడుకునే ఉపాయం ఒకటి కనిపెట్టారు. చిన్నవ్వ తన వాకిట్లో కోళ్లను తిట్టేది. "ఓ కోడీ, నిన్న జరమొచ్చిందట గదనే, ఇయ్యాల ఏమన్న తిన్నవా?" గోడకు ఇవతల అత్త మా మేకను గదమాయించేది. "ఏందే మేకా, గటుక తాగిన గద, మంచిగనే ఉన్న." నాయినమ్మ అన్నీ వినేది. వినపడనట్టు రాట్నం గట్టిగా తిప్పేది.

ఒక ఎండాకాలం అత్తకు పెళ్లి కుదిరింది. పిల్లగాడు కోహెడ దిక్కువాడు, భీవండిలో మర మగ్గాల మీద పని. పెళ్లయిన వారానికే తోలుకపోతానన్నాడు. ఇల్లంతా సకినాల వాసన, నూనె వాసన, తొక్కు కోసం కోసిన మామిడికాయల పులుపు. గుడ్డల మీద ఎండబెట్టిన సకినాలకు నన్ను కాపలా పెట్టారు. కాపలా బాగానే కాశాను, చుట్లు విరిగినవి కనపడితే నోట్లో వేసుకుని సాక్ష్యం లేకుండా చేశాను.

అన్నిటికంటే గొప్ప పని కలపం. అది నాయినమ్మ చేతి పని. గల్లీలో ఎవరి ఇంట పెళ్లయినా, నలుగుకు ముందు మా ఇంటికి కబురు రావలసిందే. గంధపు చెక్క సాన మీద అరగదీసేది. కచ్చూరాలు, బావంచాలు, వట్టివేర్లు ఎండబెట్టి దంచి, పలుచటి గుడ్డలో జల్లించేది. కస్తూరి పసుపు, ఇంత పచ్చకర్పూరం, నువ్వుల నూనె. వెనక గదిలోకి పోయి తలుపు పెట్టుకుని, ఎవరినీ రానివ్వకుండా నూరేది. గాలి తగిలితే వాసన పోతుంది అనేది. ఆ తలుపు సందులకు మేము ముక్కులు ఆనించి నిలబడేవాళ్లం. బయటికి వచ్చేసరికి అది తేనె రంగులో, వెన్న లాగా ఉండేది. ఒకసారి గిన్నె అడుగున మిగిలింది ఎత్తుకపోయి మేకకు పట్టించాను. అది మూడు గల్లీలు తిరిగి వచ్చింది. పోయిన చోటల్లా ఎవరింట్ల పెండ్లి అని అడిగారట.

చివర్లో వేసే మొగలి అత్తరు అమ్మడానికి, మేం ఖాలా అని పిలిచే ఒక ముస్లిం ఆమె వచ్చేది, చెక్కపెట్టె నిండా చిన్న చిన్న సీసాలతో. నాయినమ్మ ఆమెకు అన్నం, పచ్చిపులుసు పెట్టేది. ఆ ఎండాకాలం కూడా అరుగు మీద కూర్చుని తింటూ ఖాలా అడిగింది.

"మా దగ్గర గిసుంటిదాన్ని ఉబ్టన్ అంటం అక్కా. మా నానీ అయితే అర్గజా అనేది. మీది ఈ కలపం ఏం మాట? మతలబ్ ఏంది?"

"ఏమో, నాకేం ఎర్క? మా అత్త అన్నది, నేను అంటున్న. అడిగేటంత తీరిక ఎవరికి ఉండె?" అంది నాయినమ్మ.

ఖాలా నవ్వి, సీసా మూత తీసి నా మణికట్టుకు ఒక చుక్క రాసింది. రెండు రోజులు ఆ చెయ్యి కడుక్కోలేదు నేను. ఎడమ చేతితో అన్నం తింటున్నానని అమ్మ వీపు వాయించింది.

నలుగు దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం నాయినమ్మ సాన కడిగి పెట్టుకుంది. అత్త పక్కనే కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. ఉన్నట్టుండి రాట్నం ఆగింది.

"అవ్వా, ఒక్క చేతి కలపం నాకు వద్దు."

"ఏందీ?"

"కలపం అంటేనే కలిపేది. ఇద్దరు కూసోవాలె. ఒక యారాలు నూరాలె, ఒక యారాలు నీళ్లు పొయ్యాలె. ఒక్కదానివే నూరితే గది గంధం. గంధం రాసుకొని నేను పీట మీద కూసోను."

"ఎవరు చెప్పిన్రే నీకు?"

"అందరికి ఎర్కనే."

నాయినమ్మ నోరు తెరిచింది. "ఇన్నేండ్ల సంది నేను..." అని ఆగిపోయింది. అత్త వైపు చూసింది. అత్త చూపు తిప్పలేదు. చాలాసేపటికి నాయినమ్మ సాన మీద గుడ్డ కప్పింది.

"అవును. ఇద్దరుండాలె" అంది.

అన్నది గానీ పిలవడానికి పోదు. ఆ గడప నేను తొక్కను అంటుంది. అమ్మ పోతానంటే వద్దంటుంది. బాపు ఈ ఆడవాళ్ల సంగతి నాకెందుకని మగ్గం గుంటలోకి దిగాడు. అత్త ఇక ఒక్క మాట మాట్లాడలేదు. మేకను కూడా తిట్టడం మానేసింది. నాయినమ్మ కాలు కాలిన పిల్లి లాగా తిరిగింది. సాన కడుగుతుంది, ఆరబెడుతుంది, మళ్లీ కడుగుతుంది. గోడ దగ్గరికి పోయి దేనికోసమో వెతుకుతున్నట్టు నిలబడుతుంది, వెనక్కి వస్తుంది. దంచిన పొడుల వాసన పోతుందని అమ్మకు భయం. పిల్ల నిజంగానే నలుగుకు కూర్చోకపోతే ఎట్లా అని అందరికీ భయం. నాకు మాత్రం అత్త గురించే భయం. ఆమె ఎప్పుడూ అంత మౌనంగా ఉండే మనిషి కాదు.

నలుగు రేపనగా పొద్దున నాయినమ్మ నన్ను పిలిచింది. నా మొహం కొంగుతో తుడిచింది, అది ఎందుకో తెలియదు.

"పోయి మీ చిన్నవ్వకు చెప్పు. కలపం కోసం రమ్మన్నదని చెప్పు. గంతే. ఎక్కువ మాట్లాడకు."

మరిచిపోతానేమోనని గల్లీ పొడుగునా కలపం కలపం అనుకుంటూ పోయాను. చిన్నవ్వ లేదు, నీళ్లకు పోయింది. చిన్నతాత మగ్గం మీద ఉన్నాడు. నాడె అటూ ఇటూ ఉరుకుతూ టకటకలాడుతోంది. నేను గొంతు చించుకుని అరిచాను.

"చిన్నతాతా! నాయినమ్మ కలపం కోసం రమ్మన్నది!"

మగ్గం ఆగింది. "ఏమన్నవే?"

"కలపం."

"కలపనా?"

ఆయన అన్నదానికీ నేను అన్నదానికీ తేడా నాకు తెలియలేదు. "ఆఁ" అన్నాను.

ఆయన ఒంటికాలి మీద లేచాడు. "పెండ్లి ముంగట వెట్టుకొని కలప అడుగుతదా! అడ్గనియ్యి! ఇయ్యాల అటో ఇటో అయిపోవాలె!" అని కొడుకులను కేకేశాడు. కోళ్ల గంపలు ఎగిరి అవతల పడ్డాయి, కోళ్లు గోల చేశాయి. నలుగురూ కలిసి ఆ దూలాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. చిన్నతాత ముందర, తిట్టుకుంటూ. నేను వెనక, ఏడ్చుకుంటూ.

గల్లీ నడిమికి పోయేసరికి అడ్డంగా పడుగు సాగి ఉంది. "పడుగు! పడుగు!" అని ముసలివాళ్లు మొత్తుకున్నారు. చిన్నతాత ఎంత కోపంలో ఉన్నా మగ్గం మనిషి. ఆగాడు. నలుగురూ మెల్లగా కూర్చున్నారు. దూలాన్ని నేల మీదికి దించి, మోకాళ్ల మీద పాకుతూ, ఒక్క దారం కూడా అంటకుండా పడుగు కింద నుంచి అవతలికి జరిపారు. అంతసేపూ ఆయన నోట్లోంచి ఒక్క తిట్టు రాలేదు, ఊపిరి బిగబట్టి ఉన్నాడు. అవతలికి వచ్చి లేచి, మోకాళ్లు దులుపుకుని, ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. ఆ రోజు మాత్రం ఒక్కరు కూడా నవ్వలేదు.

దూలం తెచ్చి మా గడపకు అడ్డంగా పడేశారు. గోడ సున్నం రాలింది.

"ఇగో నీ కలప! కడుపు నిండిందా?"

నాయినమ్మ చేతికి గంధంతోనే బయటికి వచ్చింది. "నేను కలప ఎప్పుడు అడిగిన?" అని నా దిక్కు తిరిగింది. "ఏం చెప్పినవే?"

"కలపం అనే చెప్పిన" అని వెక్కాను.

"కలప, కలపం! రెండింటికి ఫరకేంది?" అని అరిచాడు చిన్నతాత.

"ఫరక్ ఉంది చిన్నాయినా" అంది అత్త.

పెళ్లికూతురు గడప దగ్గరికి వచ్చి నిలబడింది. అందరూ చూస్తున్నా కొంగు సర్దుకోలేదు. "కలపనైతే ఇద్దరు పంచుకొని ఎవరిండ్లకు వాళ్లు పోతరు. కలపం నూరాలంటే ఇద్దరు ఒక్కకాడ కూసోవాలె. నేను భీవండి పోతున్న, మళ్ల ఎప్పుడొస్తనో ఎర్క లేదు. నన్ను బతికించిన చెయ్యి నా మీద పడకుంట నేను నలుగుకు కూసోను. నాకు మీ దూలం వద్దు, మీ గోడ వద్దు" అని ఏడ్చింది.

చిన్నతాత తువ్వాల తీసి మెడ తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుచుకున్నాడు. అత్త మాటలు గల్లీలోనే చెవిన పడ్డాయేమో, అప్పుడే చిన్నవ్వ నీళ్ల బిందె చంకన పెట్టుకుని వచ్చింది. దూలాన్ని చూసింది, మొగుణ్ణి చూసింది, ఏడుస్తున్న పిల్లను చూసింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, దూలాన్ని దాటి, మా గడప దాటి లోపలికి వచ్చింది. వెనక గదిలోకి పోయి, సాన పక్కన ఉన్న చెంబులోకి తన బిందెలోని నీళ్లు వంచింది. నాయినమ్మ వెనకాలే పోయి సాన ముందు కూర్చుంది.

ఆ రోజు తలుపు పెట్టుకోలేదు. నేను గడప మీదే కూర్చున్నాను. వాళ్లు మాట్లాడుకోలేదు, సానతో మాట్లాడారు.

"సానా, నీళ్లు ఎక్కువైతున్నయి, పోసేటోళ్ల చెయ్యి వణుకుతుందేమో జర జూడు" అంది నాయినమ్మ.

"సానా, నూరేటోళ్ల కండ్లల్ల నీళ్లు ఎందుకొస్తున్నయో అడుగు" అంది చిన్నవ్వ.

"కర్పూరం ఘాటు సానా, ఇంకేం లేదు."

"గట్లనే అనుకో సానా."

అంతమంచి వాసన నేను మళ్లీ ఎరగను. మర్నాడు నలుగు పెట్టేటప్పుడు అత్త ఒక భుజానికి నాయినమ్మ, ఒక భుజానికి చిన్నవ్వ రాశారు. ముసుగులో అత్త ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. పెళ్లయ్యాక బస్టాండుకు అందరం పోయాం. మిగిలిన కలపం ఇత్తడి బరిణెలో పెట్టి చిన్నవ్వ ఆమె చేతికిచ్చింది. బస్సు కదిలాక కూడా ఆ వాసన మా దగ్గర ఉంది. నేను ఇల్లు చేరేదాకా గట్టిగా ముక్కు ఎగబీలుస్తూ వచ్చాను, అయిపోతుందేమోనని.

ఆ తర్వాత ఇద్దరూ కలిసిపోయారని చెబితే అబద్ధమవుతుంది. చాలా రోజులు సానతో, కోళ్లతో, మేకతోనే మాట్లాడుకున్నారు. దూలాన్ని ఏ ఇంటివాళ్లూ లోపలికి తీసుకపోలేదు. గోడ వారకు జరిపితే గల్లీ అంతా దాని మీదే కూర్చుని ముచ్చట్లు పెట్టుకునేది. కలపం సంగతి మాత్రం స్థిరపడిపోయింది. మా గల్లీలో ఏ పెళ్లికైనా ఇద్దరు కూర్చునే నూరాలి, అందులోనూ మాటలు లేని ఇద్దరు దొరికితే మరీ మంచిది. పెళ్లై వేరే ఇంటికి పోయి నేనూ అదే నడిపించాను. నా బిడ్డ పెళ్లికి, ఒకరి మొహం ఒకరు చూసుకోని నా ఆడబిడ్డను, నా యారాలిని సాన దగ్గర కూర్చోబెట్టాను. ఇది తరాల నుంచి వస్తున్న ఆచారం, కాదంటే పిల్లకు మంచిది కాదు అని గదమాయించాను. మూతులు ముడుచుకునే కూర్చున్నారు, లేచేటప్పుడు ఒకరికొకరు చెయ్యి అందించుకున్నారు.

ఫోను మోగింది. అత్తే. వెనక మర మగ్గాల రొద, ఆ ఊరు మారలేదు.

"ఏందే, గన్నిసార్లు చేసినవ్? ఎవరికేమైంది? నేను పక్కింట్ల ఉంటి."

"ఎవరికేం కాలే అత్తా. కలపం అంటే ఏంది?"

ఆమె తలుపు మూసినట్టుంది, రొద తగ్గింది.

"గిదడగనీకె చేసినవా?"

"ఇద్దరు కలిస్తేనే కలపం అని నువ్వు అంటివి గద. మా పక్కింటి సారు ఏ పుస్తకంలో లేదంటున్నడు. నాకు పొద్దటి సంది మనసున పడ్తలేదు."

అత్త నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. "పుస్తకంల ఎట్లుంటదే పిచ్చిదానా? రాట్నం తిప్పుకుంట నేను అల్లిన మాట గది. నాకు చిన్నవ్వ కావాలె. ఊకనే పిలువుమంటే అవ్వ పిలుస్తదా? గందుకే అన్న."

నేను మంచం మీద కూర్చున్నాను. నా బిడ్డ పెళ్లి, నా యారాలు, నా గదమాయింపులు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

"మరి నాయినమ్మ? ఆమె నమ్మిందా?"

"అవ్వ నమ్ముడేంది? గల్లీల ప్రతి పెండ్లికి తలుపు పెట్టుకొని ఒక్కతే నూరింది ఆమెనే గద! ఆమెకు తెల్వదా ఎన్ని చేతులు గావాలెనో?" అత్త గొంతు తగ్గింది. "అవును, ఇద్దరుండాలె అన్నది జూడు. మా అవ్వ అబద్ధమాడంగ నేను జూసింది గదొక్కసారే బిడ్డా."

ఇంకా ఏవో మాట్లాడింది, మోకాళ్ల గురించి, వానల గురించి. నేను ఊఁ కొట్టాను. ఫోను పెట్టేశాక మందు గొట్టం తీసుకున్నాను గానీ మూత తిప్పబుద్ధి కాలేదు. ఖాలాతో నాకేం ఎర్క అన్న మనిషి, ఇన్నేండ్ల సంది నేను అని మొదలుపెట్టి మింగేసిన మనిషి, సాన మీద గుడ్డ కప్పుతూ అవును అంది. ఇన్నేళ్లూ నేను దాన్ని ఆచారం అనుకున్నాను. అది మా నాయినమ్మ తన యారాలిని పిలిచిన పిలుపు.